వైన్ రుచి చూడటం, మార్కులు వేయడం: హన్మకొండ నుంచి కొన్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మేం హన్మకొండలో ఆరుగురం. నెలకో ఆదివారం మా ఇంట్లో కూర్చుని నాలుగైదు వైన్లు రుచి చూస్తాం, కాగితం మీద మార్కులు వేస్తాం, ఆ తర్వాత వాదించుకుంటాం. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మిగతావాళ్లలో ఒకాయన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారి, ఒకామె కాజీపేటలో రైల్వే ఉద్యోగి. కొత్తగా ఎవరు వచ్చినా అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఇది 21 ఏళ్లు నిండి, ఇప్పటికే తాగే అలవాటు ఉన్నవాళ్ల కోసం మాత్రమే. తెలంగాణలో చట్టప్రకారం వయసు అదే. తాగనివాళ్లు దీన్ని చదివి మొదలుపెట్టవద్దని నా మనవి.

"వైన్స్" అని బోర్డున్న షాపులో దొరికేదంతా వైనేనా?

కాదు. మన దగ్గర "వైన్స్" అంటే మందు షాపు. లోపల ఉండేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. అసలు వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం, అంతే. దాన్ని కాచి ఆవిరి పట్టరు. అందుకే ఆల్కహాల్ మామూలుగా 12 నుంచి 14 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ లెక్కన వైన్ విస్కీ కంటే కల్లుకే దగ్గరి చుట్టం. రెండూ పులియబెట్టినవే, రెండింటికీ ఈస్టే మూలం.

షాపులో కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. మొదటిది, లేబుల్ మీద ద్రాక్ష కోసిన సంవత్సరం. వైట్ అయితే ఎంత కొత్తదైతే అంత మేలు. రెండోది, సీసా ఎక్కడ నిలబడి ఉంది అన్నది. పడమటి ఎండ పడే అద్దాల దగ్గరో, ట్యూబ్‌లైట్‌కు ఆనుకుని పై అరలోనో నెలల తరబడి ఉన్నదైతే వదిలేయండి. కార్క్ పైకి పొడుచుకొచ్చినా, మెడ చుట్టూ జిగురుగా కారిన చారలున్నా ఎండకు ఉడికిందని అర్థం.

రెడ్‌కూ వైట్‌కూ తేడా ద్రాక్ష రంగేనా?

సగం నిజం. బండి మీద నల్లద్రాక్ష గుత్తి ఒకటి కొనండి. ఒక కాయ తొక్క ఒలిచి తెల్ల గిన్నెలో పిండండి. వచ్చే రసం దాదాపు రంగు లేకుండా ఉంటుంది. రంగంతా తొక్కలోనే ఉంది. రెడ్ వైన్‌ను తొక్కలు, గింజలతో కలిపి పులియబెడతారు, వైట్‌ను తొక్క తీసేసి రసం ఒక్కదాన్నే పులియబెడతారు. నల్లద్రాక్ష తొక్కలను కొన్ని గంటలే ఉంచి తీసేస్తే గులాబీరంగు రోజే వస్తుంది.

తొక్కతోపాటు దిగే ఇంకో పదార్థం టానిన్. రెడ్ వైన్ అర్థం కావాలంటే దాన్ని పట్టుకోవాలి.

టానిన్ అంటే ఏంటి? నాలుకకు ఎలా తెలుస్తుంది?

టానిన్ అంటే వగరు. ఈ ఒక్క మాట దగ్గర తెలుగువాళ్లు చాలా ముందున్నారని నేను గట్టిగా నమ్ముతాను.

టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుంటాయి. నోటికి ఉండే నునుపు పోయి, నాలుక గరుకుగా, చిగుళ్లు పట్టేసినట్టుగా అనిపిస్తాయి. నేరేడు పండ్లు గుప్పెడు తిన్నాక నాలుక ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పండకముందే కొరికిన తునికి కాయ, ఎక్కువసేపు మరిగిన చాయ్, నమిలిన వక్క, దానిమ్మ గింజల మధ్య పొర, అన్నింటిలో ఉన్నది ఈ సంగతే. విదేశీ పుస్తకాలు దీన్ని వివరించడానికి పేరాలు పేరాలు రాస్తాయి. మనం షడ్రుచుల్లో ఒకటిగా పేరుపెట్టి పిల్లలకు ఉగాది నాడే నేర్పుతాం.

ఉగాది పచ్చడి గురించి ఇంకో మాట చెప్పాలి. మన వైపు దాన్ని నాకరు, తాగుతారు. కొత్తకుండలో చింతపండు పులుసు, బెల్లం, మామిడి తురుము, వేపపువ్వు కలిపి గ్లాసులో పోస్తారు. మొదటి గుటకకే ఇంట్లో ఎవరో ఒకరు "ఈసారి బెల్లం తక్కువైంది, వేపపువ్వు చేదు ముందుకొచ్చింది" అంటారు. ఒకే గుటకలో ఆరు రుచులను విడదీసి, ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తీర్పు చెప్పడం కదా అది! వైన్ రుచి చూడటమంటే సరిగ్గా ఇదే. మీకు ఈ పని రాదని ఎవరైనా అంటే నమ్మకండి.

వైట్ వైన్ అంత పుల్లగా ఉందేంటి? పాడైందా?

ఉండాల్సిందే. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండులో ఉన్నదీ అదే. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలు వెలుగుతాయి. చారులో పులుపు లేకపోతే ఎంత చప్పగా ఉంటుందో, ఆమ్లం లేని వైన్ అంత నీరసంగా ఉంటుంది.

పులుపును, వగరును కలగాపులగం చేసుకోకుండా ఉండటానికి ఒక చిట్కా. మింగాక దవడల పక్కన నీరూరితే అది పులుపు, నోరు ఎండితే అది వగరు. పాడైన వైన్ పులుపు వేరుగా ఉంటుంది. అది వెనిగర్ ఘాటు, నోటికంటే ముందు ముక్కుకే తగులుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన వైట్ సీసా అడుగున కండచక్కెర ముక్కల్లాంటివి కనిపించినా భయపడకండి. టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి చలికి గడ్డకట్టిన స్ఫటికాలు అవి. ప్రమాదమేమీ లేదు.

మరి తీపి ఎందుకు లేదు? క్రిస్మస్‌కు తాగిన వైన్ తియ్యగా ఉండేది కదా!

క్రిస్మస్‌కు ఇళ్లలో పెట్టే ద్రాక్ష వైన్‌లో చక్కెర ధారాళంగా వేస్తారు, లవంగమో దాల్చినచెక్కో తగిలిస్తారు. అది వేరే అందం. షాపులో దొరికే చాలా రెడ్లు, వైట్లు డ్రై రకం. అంటే ఈస్ట్ చక్కెరనంతా దాదాపు తినేసింది. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉండి పొద్దుమూకేసరికి పులుస్తుంది కదా, అదే పని ఇక్కడ వారాలపాటు జరుగుతుంది.

చాలామంది తడబడేది వాసన దగ్గర. జామపండు వాసన రాగానే నాలుక తీపి కోసం ఎదురుచూస్తుంది, రాకపోయేసరికి నిరాశపడుతుంది. పండు వాసన వేరు, తీపి వేరు. మొదటి రెండు నెలలు ఈ ఒక్కటి విడదీయడం నేర్చుకున్నా చాలు.

అసలు ఎలా రుచి చూడాలి?

గ్లాసు నోరు కొంచెం ముడుచుకుని, పొట్ట వెడల్పుగా ఉండాలి. రుచి చూడటానికి వాడే ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) కొలత గ్లాసు 215 మిల్లీలీటర్ల దగ్గర పడుతుంది. అందులో పోసేది 50 మిల్లీలీటర్లే. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనపడదు, వాసన నిలవదు.

తెల్ల కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడండి. రెడ్ అంచు ఊదాగా ఉంటే వయసు తక్కువ, ఇటుకరంగుకు తిరిగితే ఎక్కువ. వైట్ అయితే వయసుతోపాటు లేత నిమ్మరంగు నుంచి తేనెరంగుకు పోతుంది.

తిప్పకముందే ఒకసారి వాసన చూడండి. తర్వాత గ్లాసును టేబుల్ మీదే ఉంచి మూడు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. రెండోసారి వచ్చేది చాలా వేరుగా ఉంటుంది, తిప్పినప్పుడు వాసన కణాలు గాలిలోకి లేస్తాయి కాబట్టి. వాసన రాగానే మనసులో మెదిలిన మొదటి మాట రాసుకోండి. బాగుందా లేదా అన్న ఆలోచన తర్వాత.

ఇప్పుడు ఒక గుక్క నోట్లోకి తీసుకుని, వేడి చాయ్ జుర్రినట్టు కాస్త గాలి లోపలికి పీల్చండి. నోటి వెనక నుంచి ముక్కులోకి వాసన ఎక్కుతుంది. జలుబు చేసినప్పుడు ఆవకాయ కూడా ఉత్త ఉప్పూకారంలా తోచడానికి కారణం ఈ దారి మూసుకుపోవడమే. నాలుక మీద ఐదారు సెకన్లు ఉంచి ఉమ్మేయండి.

అవును, ఉమ్మాలి. మా ఇంట్లో ఒక్కొక్కరి పక్కన ఒక స్టీలు చెంబు ఉంటుంది. కొత్తవాళ్లకు నామోషీగా ఉంటుంది కానీ లెక్క చూడండి. ఆరు వైన్లు అనుకోండి, ఒక్కొక్కటి 50 మిల్లీలీటర్లు, మొత్తం 300. 13 శాతం ఆల్కహాల్ అనుకుంటే శుద్ధ ఆల్కహాల్ 30 గ్రాములు దాటుతుంది. అన్నీ మింగితే నాలుగో గ్లాసు నుంచి మీ మార్కులకు విలువ ఉండదు. బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. ఉమ్మినా కొంత లోపలికి పోతుంది, అందుకే మా దగ్గరికి వచ్చినవాళ్లు ఆటోలోనే ఇంటికి పోతారు.

గదిలో ఏవైనా జాగ్రత్తలు తీసుకోవాలా?

అగరుబత్తి వద్దు, మల్లెపూలు వద్దు, వంటింట్లో పోపు వద్దు. అత్తరు పూసుకుని వచ్చిన వ్యక్తి పక్కన ఎంత మంచి వైనైనా ఓడిపోతుంది. పాన్, గుట్కా, కాఫీ తర్వాత గంటపాటు నాలుకను నమ్మకండి. మధ్యమధ్యలో మంచినీళ్లు, ఉప్పుకారం లేని మరమరాలు చాలు. మేం పొద్దున పదకొండుకు మొదలుపెడతాం, కడుపు మరీ నిండుగా లేనప్పుడు నాలుక చురుగ్గా ఉంటుంది.

పుస్తకాల్లో రాసే బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ వాసనలు నాకేవీ రావు. నా ముక్కులో లోపమా?

మీ ముక్కు బాగానే ఉంది. మనం తినని పండు పేరు మన ముక్కుకు ఎలా తెలుస్తుంది? ఆ పేర్లు ఆ ఊళ్ల వాళ్ల చిన్ననాటివి. మన చిన్ననాటివి మనం తీయాలి. నేను ఈ ప్రశ్నలన్నీ రాయడానికి అసలు కారణం ఇదే.

మా మేనమామది పరకాల వైపు ఊరు. తాటిచెట్లు (తాళ్లు) ఎక్కి కల్లు గీసే పని మీదే బతికాడు. ఇప్పుడు చెట్టు ఎక్కలేడు కానీ నాలుక మాత్రం అట్లాగే ఉంది. ఒక రోజు ఊళ్లో ఎవరో తెచ్చిన కల్లు ఒక గుటక తాగి, "గిది చెరువు కట్ట మీది తాడుది అల్లుడా. చెలక తాడుది గింత పల్చగ ఉండది" అన్నాడు. తెచ్చినవాణ్ణి అడిగితే నిజమే. పోతుతాడు (మగ తాటిచెట్టు) కల్లుకూ పండుతాడు (పండ్లు కాసే ఆడ తాటిచెట్టు) కల్లుకూ తేడా ఆయనకు వాసనతోనే తెలుస్తుంది. నేల, నీరు, చెట్టు రుచిలోకి దిగుతాయని ఫ్రెంచి వాళ్లు గొప్పగా చెప్పే సంగతి మా మామకు రోజువారీ విషయం.

ఆయన ఒకసారి హన్మకొండ వస్తే షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసిన రెడ్ వైన్ పేరు చెప్పకుండా ఇచ్చాను. వాసన చూసి కాసేపు ఆగాడు. "మిరియాల కషాయం లెక్కున్నది" అన్నాడు. గుటక మింగి, పెదాలు చప్పరించి, "నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టింది" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. షిరాజ్ తొక్కలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, మిరియాలకు ఆ వాసన ఇచ్చేదీ అదేనని. మామకు ఆ పేరు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఆయన చెప్పింది ముమ్మాటికీ సరైనది.

సావిన్యోఁ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన పైరజిన్లనే పదార్థాల వల్ల వస్తుంది, అవే క్యాప్సికంలోనూ ఉన్నాయి. దాన్నే మా మిర్చి వ్యాపారి మిత్రుడు "అప్పుడే తెంపిన పచ్చిమిర్చి తొడిమ" అని రాశాడు. చెనిన్ బ్లాంక్ వైట్‌లో దోరజామ, తేనె. వియోన్యే వైట్‌లో సంపంగి. ఓక్ చెక్క పీపాలో ఉంచిన రెడ్‌లో కొబ్బరి, లవంగం, పొగ. వయసు మీదపడ్డ రెడ్‌లో పొగాకు చుట్ట, ఎండు తునికాకు కట్ట. ఇవి మా నోట్‌బుక్కుల్లోంచి తీసిన మాటలు. మీ మాటలు వేరుగా ఉండొచ్చు. ఒకే షరతు, ఇదివరకు నిజంగా వాసన చూసిన వస్తువు పేరే రాయాలి.

ముక్కును సానపెట్టాలంటే వంటింట్లో కళ్లు మూసుకుని ఒక్కో డబ్బా మూత తీసి పేరు చెప్పండి. జీలకర్ర, వాము, సోంపు కూడా మొదటి రోజు తడబెడతాయి. రెండు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

సీసాలకు కాగితం చుట్టి పేరు దాచడం అవసరమా?

చాలా అవసరం. కంటికి కనిపించింది నాలుకను ఏమారుస్తుంది. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ చదువుతున్న 54 మంది విద్యార్థులకు వాసన లేని ఎర్రరంగు కలిపిన వైట్ వైన్ ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. వాళ్లేమీ అనాడీలు కాదు, అదే చదువుతున్నవాళ్లు.

1976 మే 24న పారిస్‌లో జరిగిన పోటీ ఇంకా ప్రసిద్ధం. తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా ఫ్రాన్స్, కాలిఫోర్నియా వైన్లకు 20కి మార్కులు వేశారు. వైట్లలో షాతో మాంటెలీనా 1973 షార్డనే, రెడ్లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 క్యాబర్నే ముందు నిలిచాయి. రెండూ కాలిఫోర్నియావే. లేబుల్ కనబడి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదని నా అభిప్రాయం.

మా పద్ధతి మామూలే. ఆటలో లేని ఒకరు సీసాలకు పాత పేపరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, మార్కర్‌తో అంకెలు వేస్తారు. మెడ కూడా కప్పాలి, మూత రంగును బట్టి కంపెనీ చెప్పేసేవాళ్లు ఉంటారు. వరుస మాత్రం తేలిక వైట్ నుంచి బరువు వైట్‌కు, తర్వాత తేలిక రెడ్, బరువు రెడ్, చివర తీపిది. తారుమారు చేస్తే బరువు రెడ్ వగరు కింద తర్వాతి వైట్ నలిగిపోతుంది.

మార్కులు 20కి వేయాలా, 100కి వేయాలా?

నేను 20కే ఓటు వేస్తాను. 100 మార్కుల పద్ధతిని అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చాడు. అందులో 50 మార్కులు ఊరికే వస్తాయి, చాలా వైన్లు 85కీ 95కీ మధ్యే ఇరుక్కుంటాయి. 20 మార్కుల పట్టికను 1959లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేశారు, అది ముఖ్యంగా లోపాలు పట్టుకోవడానికి పనికొచ్చేది. మేం దాన్ని మా అవసరానికి మార్చుకున్నాం: చూపుకు 2, వాసనకు 6, నోట్లో పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్ వేడి ఒకదానితో ఒకటి కుదిరాయా అన్నదానికి 6, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది అన్నదానికి 3, ఇంకో గ్లాసు పోసుకోవాలనిపించిందా అన్నదానికి 3.

పోయిన చలికాలం ఒక ఆదివారం ఐదు సీసాలకు వేసిన మార్కులు ఇవి. నాసిక్ చెనిన్ బ్లాంక్‌కు సగటున 14, నాసిక్ సావిన్యోఁ బ్లాంక్‌కు 15, విదేశీ షార్డనేకు 12, మహారాష్ట్ర సాంజియోవేసే రెడ్‌కు 15, షిరాజ్‌కు 16. షార్డనే అన్నింటికంటే ఖరీదైనది. ఓక్ వాసన ముందుకొచ్చి పండు వెనకబడింది, మింగగానే రుచి మాయమైంది. కాగితం విప్పాక ఇద్దరు మిత్రులు మార్కులు పెంచుతామన్నారు. ఒప్పుకోలేదు. కాగితం విప్పకముందు వేసినవే మార్కులు, ఈ నియమాన్ని ఎవరి కోసమూ సడలించవద్దు.

సగటు కంటే విలువైనది మనిషికీ మనిషికీ మధ్య తేడా. అదే సాంజియోవేసేకు రైల్వే మిత్రురాలు 18 వేసింది, నేను 12 వేశాను. దాని పులుపు ఆమెకు చింతచిగురును గుర్తుచేసింది, నాకు పదునెక్కువైంది. అంకె పక్కన మాట లేకపోతే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు. అందుకే వైన్ ఒక్కింటికి కనీసం రెండు వాక్యాలు రాయమంటాను.

రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలోనే ఇవ్వాలంటారు. మే నెలలో వరంగల్‌లో అయితే?

ఆ మాట చల్లని దేశాల రాతి ఇళ్లలో పుట్టింది. అక్కడ గది అంటే 16, 17 డిగ్రీలు. మన గదిలో 38 డిగ్రీల రెడ్ వైన్ గ్లాసులో పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తగలదు. రెడ్‌కు 15 నుంచి 18 డిగ్రీలు, వైట్‌కు 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. ఎండాకాలం రెడ్‌ను కూడా ఫ్రిజ్‌లో గంటన్నర, రెండు గంటలు పెట్టండి. తొందరగా కావాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచండి. రెడ్‌కు పది పన్నెండు నిమిషాలు, వైట్‌కు ఇరవై చాలు. ఉత్త ఐసు కంటే నీళ్లు కలిపిన ఐసే త్వరగా చల్లబరుస్తుంది, సీసాకు అన్ని వైపులా తగులుతుంది కాబట్టి.

వైట్ మరీ చల్లగా ఉంటే వాసన మూసుకుపోతుంది. మార్కులు వేసే ముందు గ్లాసును అరచేతుల్లో రెండు నిమిషాలు పట్టుకోండి.

నిల్వ ఉంచడానికి లోపలి గదిలో బీరువా అడుగు అర మంచిది. వంటగది గట్టు మీదా, ఫ్రిజ్ పైనా వద్దేవద్దు. ఏప్రిల్, మే నెలల్లో కొన్న సీసాను దాచిపెట్టకుండా ఆ నెలలోనే తెరవమని నా సలహా.

మన తిండితో వైన్ కుదురుతుందా? కారం మాటేంటి?

కారానికి ఆల్కహాల్ ఆజ్యం పోస్తుంది, వగరు ఇంకా రెచ్చగొడుతుంది. తేజ మిర్చి దట్టించిన నాటుకోడి కూరతో బరువైన క్యాబర్నే తాగితే రెండూ చెడతాయి. అక్కడ చల్లని, కొంచెం తీపి మిగిలిన చెనిన్ బ్లాంక్ కానీ రీస్లింగ్ అనే వైట్ కానీ హాయిగా ఉంటుంది. అదే కూర చపాట మిర్చితో చేస్తే కథ మారిపోతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటకు రంగు ఎక్కువ, కారం తక్కువ. దాంతో వండిన మటన్ పక్కన షిరాజ్ బ్రహ్మాండంగా నిలబడింది. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు వగరును మెత్తబరుస్తాయి కూడా.

పచ్చిపులుసుతో చాలా వైన్లు ఓడిపోతాయి. తిండిలో పులుపు వైన్ పులుపును మించితే వైన్ నీళ్లలా తోస్తుంది. సకినాలు మాత్రం నాకు దొరికిన అపురూపమైన జోడీ. నువ్వులు, వాము, బియ్యప్పిండి కరకర, పక్కన చల్లని సావిన్యోఁ బ్లాంక్. సంక్రాంతికి ఒకసారి ప్రయత్నించండి. అయితే ఇవన్నీ మార్కులు వేయడం అయిపోయాక. తింటూ వేసిన మార్కులు వంటకు పడతాయి.

గ్లాసు గోడల మీద ధారలు కారితే మంచి వైన్ అన్నట్టేనా?

కాదు. ఆల్కహాల్ ముందుగా ఆవిరవడం వల్ల తలతన్యతలో, అంటే ద్రవం పైపొర బిగువులో, వచ్చే తేడా అది. ఆల్కహాల్ ఎక్కువైతే ధారలు కూడా ఎక్కువ కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటాయి కానీ మార్కులు లేవు.

పాతదైతే గొప్పదా?

ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసిందే. ఏళ్ల తరబడి బాగుపడేవి కొన్నే, వాటికి కూడా చల్లని నేలమాళిగ కావాలి.

వైన్ శాకాహారమేనా?

అన్నీ కాదు. మడ్డి తేర్చడానికి కొందరు గుడ్డులోని తెల్లసొన, పాల ప్రొటీన్, చేపల నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు. బెంటొనైట్ అనే మట్టితో తేర్చేవాళ్లూ ఉన్నారు. పట్టింపు ఉంటే లేబుల్ మీద వీగన్ అని ఉన్నది చూసి కొనండి.

రెడ్ వైన్ గుండెకు మంచిదట కదా?

ఆ పేరుతో తాగకండి. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు దూరంగా ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్లు పడకపోవచ్చు. మేం రుచి కోసం ఉమ్ముతూ చూస్తాం, ఆరోగ్యం కోసం నడుస్తాం.

సీసా తెరిస్తే తడిసిన అట్టముక్క వాసన వచ్చింది. ఏమైంది?

కార్క్ జబ్బు అంటారు. టీసీఏ అనే పదార్థం కార్క్‌లోంచి దిగుతుంది. వానాకాలంలో మూలన పడేసిన గోనెసంచి వాసన సరిగ్గా అదే. తాగితే హాని లేదు కానీ పండు వాసన మొత్తం చచ్చిపోతుంది. మా ఇంట్లో ఒకసారి అందరం ఎదురుచూసిన సీసాకే ఇలా జరిగింది. మార్కులు వేయకుండా పక్కన పెట్టాం, ఆ సీసా తప్పును ఆ వైన్ పేరు మీద రాయకూడదు కాబట్టి. తిప్పే మూత ఉన్న సీసాల్లో ఈ బాధ చాలా అరుదు. తిప్పే మూత అంటే చవక రకమని చిన్నచూపు చూడకండి.

మన దేశంలో మంచి వైన్ ఎక్కడ తయారవుతుంది? తెలంగాణలో ద్రాక్ష లేదా?

నాసిక్ ముందుంది. అక్కడ సూలా కంపెనీ పెద్ద పేరు. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ కంపెనీ సాంజియోవేసే ద్రాక్ష పండిస్తుంది. బెంగళూరు దగ్గర నంది కొండల కింద గ్రోవర్ ఉంది. హంపీ కొండల్లోని క్రస్మా ఎస్టేట్ హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. మనవాళ్లు పెట్టిన తోటలో క్యాబర్నే పండుతోందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఒకప్పుడు ఇంటింటి పేరు. కానీ అది తినే ద్రాక్ష. కాయ పెద్దది, నీరు ఎక్కువ. వైన్ ద్రాక్ష చిన్నగా, మందమైన తొక్కతో, గింజలతో, ఇంకా ఎక్కువ చక్కెరతో ఉంటుంది. మన వాతావరణంలో ద్రాక్షతీగ చలికి నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వానలు వెళ్లాక కాయించి జనవరి నుంచి మార్చి లోపు కోస్తారు. యూరప్‌లో కోత సెప్టెంబర్, అక్టోబర్‌లలో.

మొదటిసారికి ఏవి కొనాలి?

నాలుగు చాలు. చెనిన్ బ్లాంక్, సావిన్యోఁ బ్లాంక్, షిరాజ్, క్యాబర్నే సావిన్యోఁ. రెండోదీ నాలుగోదీ తల్లీబిడ్డలు. సావిన్యోఁ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష, క్యాబర్నే ఫ్రాంక్ అనే నల్లద్రాక్ష సంకరంలో క్యాబర్నే సావిన్యోఁ పుట్టిందని 1990లలో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు వేరైనా ఆ పచ్చిమిర్చి తొడిమ వాసన ఎక్కడో ఒక మూల రెండింట్లోనూ పలకరిస్తుంది. ఆరుగురు కలిసి కొంటే ఖర్చు కూడా భారం కాదు, 750 మిల్లీలీటర్ల సీసా అందరికీ పోయగా మిగులుతుంది.

మిగిలిన వైన్ ఏం చేయాలి?

దానికి శత్రువు గాలి. సగం మిగిలిన సీసాను అలాగే మూతపెట్టకండి. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన చిన్న గాజుసీసాల్లోకి అంచుదాకా నింపి, బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. రెడ్ అయినా ఫ్రిజ్‌లోనే. ఇలా చేస్తే వైట్ నాలుగైదు రోజులు, రెడ్ మూడు నాలుగు రోజులు బాగుంటాయి. చిన్నసీసా మీద వైన్ అంకె, తేదీ రాయండి. మూడో రోజు తీసి మళ్లీ మార్కులు వేసి, మొదటి రోజు కాగితం పక్కన పెట్టి చూడండి. మా దగ్గర ఒక క్యాబర్నే ఆదివారం 13 తెచ్చుకుని, వగరు మెత్తబడ్డాక బుధవారం 15 తెచ్చుకుంది.